ఇంటికి మిగలని ఓర్పు

దానయ్య ఇస్త్రీపెట్టెలో బొగ్గులు ఊదుతుంటే హాల్లోంచి అమ్మగారు పిలిచింది.

"దానయ్యా! ఒకసారి ఇలా రా."

ఆ పిలుపులోనే అతనికి సంగతి తెలిసిపోయింది. పనికి పిలిచే గొంతు వేరు, ఇది వేరు. ఈ గొంతులో నవ్వు ముందే తయారుగా ఉంటుంది. బూడిద చేతులు పంచెకి తుడుచుకుని వెళ్ళాడు. డాక్టరుగారి భార్య, ఆవిడతో వచ్చిన ఇంకొకావిడ కాఫీ తాగుతూ కూచున్నారు. ఇద్దరూ అతని వైపు తిరిగారు.

"నిన్న తోటలో పాము కనపడిందన్నావు చూడు, అది చెప్పు వీళ్ళకి."

"ఏటీ నేదమ్మా. వంగమడి కాడ పాము కనిపడినాది. నాను కర్రట్టుకుని ఎల్లేసరికి ఎల్లిపోనాది."

"ఎల్లిపోనాది!" అంది డాక్టరుగారి భార్య, కాఫీ గ్లాసు కింద పెట్టేసి. రెండో ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మళ్ళీ అను దానయ్యా. పాము ఏమైంది?"

"ఎల్లిపోనాదమ్మా."

ముగ్గురూ పగలబడి నవ్వారు. దానయ్య చేతులు కట్టుకుని నిలబడి, బుగ్గని లోపల్నుంచి పళ్ళతో నొక్కిపట్టాడు. ఇక వెళ్ళమనేదాకా అలాగే నిలబడ్డాడు. వెనక వసారాలోకి వచ్చేసరికి పెట్టెలో బొగ్గులు సగం చల్లారిపోయి ఉన్నాయి. మళ్ళీ ఊదాడు. ఊదుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొగే అనుకున్నాడు.

ఆ బంగళా రైల్వే ఇంజనీరు మల్లేశ్వరరావుగారిది. ఆయనది కృష్ణానది దగ్గర ఊరు, దానయ్యది బొబ్బిలి అవతల పల్లె. ఇద్దరూ తెలుగువాళ్ళే. అంతా హిందీ, ఛత్తీస్‌గఢీ మాట్లాడే ఈ రాయపూరులో సొంత భాష మాట్లాడే అయ్య దొరికాడని దానయ్య మొదట్లో మురిసిపోయాడు. అర్థంకాని భాషలో తిడితే సగమే తగులుతుందని తరవాత తెలిసొచ్చింది. అతను బంగళా ప్యూను. జీతం రైల్వేది, చాకిరీ ఇంటిది. సాయిబు, అదే ఇంజనీరుగారు, ఒక్క మాట రాస్తే ఉద్యోగం పర్మినెంటు. ఆ మాట ఇదిగో అదిగో అంటూ మూడో ఏడు నడుస్తోంది.

ఆ శుక్రవారం పాముతో అయిపోలేదు. మధ్యాహ్నం సాయిబు పడుకుని లేచి, బూటు లేసులు ఉతకలేదని జోడు వసారాలోకి విసిరాడు. ఒకటి దానయ్య మోకాలికి తగిలింది. "బుర్రలో పేడుందిరా నీకు" అన్నాడు, కోపం లేకుండా, వాన పడేలా ఉంది అన్నంత మామూలుగా. దానయ్య రెండు బూట్లూ ఏరి తెచ్చి లేసులు విప్పాడు. ఆదివారం డాక్టరుగారి వాళ్ళకి భోజనాలు. దానికోసం వెండి కంచాలు తీసి విబూదితో తోమాడు. బాగా లేదని అమ్మగారు మళ్ళీ తోమించింది. మొదట తోమిందే బాగుందని, రెండోసారి గీతలు పడ్డాయని మూడోసారి అంది. అన్నిటికీ "అలాగేనమ్మా" అన్నాడు. సాయంత్రం ఫాఫాడీ రైల్వే గేటు దాటి ఇంటికి నడుస్తుంటే దవడలు లాగేస్తున్నాయి. పొద్దుట్నుంచీ ఇనప గుగ్గిళ్ళు నమిలినట్టుంది.

పెళ్ళాం దాలమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది. చేతిలో చాట ఉంది.

"మావా, పప్పొండీనా, సారెట్టీనా?"

అంతే అడిగింది. దానయ్య గుమ్మం మీద ఆగిపోయాడు. పప్పా, చారా. ఏదో ఒకటి అనేస్తే సరిపోయేది. ఆ ఒక్క మాట కోసం బుర్రలో వెతికాడు, దొరకలేదు. బదులుగా కాళ్ళలోంచి సెగలాంటిది లేచింది.

"నన్నడుగుతావేటే? అదీ నానే సెప్పాలా? ఇంట్లో కూకుని నువ్వేటి సేస్తన్నావు?"

"అది కాదు మావా, సింతపండు..."

మాట పూర్తికాలేదు. గుమ్మం పక్కనున్న నీళ్ళకుండని కాలితో తన్నాడు. కుండ పగిలి నీళ్ళు ఇల్లంతా పారాయి. పుష్యమాసం చలి. మూలనున్న బొంత, చాప తడిసిపోయాయి. దాలమ్మ అరవలేదు. చాట కింద పెట్టి, పాత గోనె తెచ్చి, గొంతుక్కూచుని నీళ్ళు అద్ది బయట పిండసాగింది. అద్దటం, లేవటం, పిండటం, మళ్ళీ రావటం. ఒక్కసారి కూడా అతని మొహంకేసి చూడలేదు.

ఆమె అరిచినా బాగుండేదనిపించింది దానయ్యకి. రెండో గోనె తీసుకుని తనూ అద్దుదామని వంగాడు. "నువ్వు కూకో" అందామె. అంతకంటే ఇంకేమీ అనలేదు. ఆ తడి బొంత మీదే పడుకున్నారిద్దరూ.

గోడకవతల ఉండేది నూకరాజు. రైల్వే కేబిన్‌లో సిగ్నల్ లీవర్లు లాగే పని అతనిది. దాలమ్మకి వరసకి మేనమామ, దానయ్యకి ఈ కొలువు చూపించింది అతనే. తెల్లారి వేపపుల్ల నములుతూ గుమ్మంలోకొచ్చాడు.

"ఏరా, కుండ బద్దలైన సప్పుడైనాది."

దానయ్య వాకిట్లో పడున్న కుండపెంకుని కాలితో పక్కకి తోశాడు.

"నాను సెప్పేది ఒకటే. ఓర్సుకో. అక్కడా ఓర్సుకో, ఇక్కడా ఓర్సుకో. పర్మినెంటయినాక నీ ఇష్టం."

దానయ్య తల ఊపాడు. నిజంగానే అనుకున్నాడు, ఇవాళ్టినుంచి ఇంట్లో కూడా నోరెత్తకూడదని. దాలమ్మ చద్దన్నం పెట్టి ఉప్పు, మిరపకాయ పక్కన పెట్టింది. ఆమె మౌనం చూస్తే ఒళ్ళు మండింది. ఆ మంటనీ మింగాడు. చెయ్యి కడుక్కుని బయల్దేరాడు.

బంగళాలో ఆ పొద్దు ఏ పనీ చేతికి రాలేదు. పాలు పొయ్యి మీద పెట్టి ఎదురుగా నిలబడే పొంగించేశాడు. సాయిబు చొక్కాకి గుండీ కుట్టడానికి కూచుని, సూదిలోకి దారం ఎక్కించలేక, ఎక్కాక ఏ చొక్కాయో మరిచిపోయి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. అమ్మగారు మూడుసార్లు పిలిస్తేగాని వినపడలేదు. "చెవుడు కూడా వచ్చిందేమిటి?" అంది. "నేదమ్మా" అన్నాడు. "నేదమ్మా" అని ఆవిడ అచ్చం అతనిలాగే అని, తనలో తను నవ్వుకుంటూ పెరట్లో పూలు కొయ్యడానికి వెళ్ళింది.

వంటింట్లో బల్ల మీద చక్కెర డబ్బా ఉంది. రేషను రోజులు, చక్కెర బంగారంలా దాచుకునే కాలం. దానయ్య పాలగిన్నె తియ్యడానికి వెళ్ళినవాడు డబ్బా మూత తీశాడు. ఎందుకు తీశాడో అతనికి తెలీదు. మూడేళ్ళలో ఆ ఇంట్లో ఒక్క బెల్లమ్ముక్క ముట్టినవాడు కాదు. చెయ్యి లోపలికి పోయింది. గుప్పెడు నోట్లో పోసుకున్నాడు. పళ్ళ కింద కరకరలాడి కరిగిపోతుంటే ఒళ్ళంతా వదులైనట్టనిపించింది. ఇంకో గుప్పెడు. అటు గుమ్మంకేసి చూస్తూనే ఇంకోటి. పెదాలకి, మీసానికి అంటుకున్నదంతా తుడుచుకుని మూత పెట్టేసి పాలగిన్నె తీసుకున్నాడు.

మధ్యాహ్నం అమ్మగారు బొబ్బట్లలోకి చక్కెర తియ్యబోయి కేక పెట్టింది.

"సగానికి సగం లేదు! ఎవరు తీశారు?"

దానయ్య గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ అతన్ని చూడలేదు. అతని భుజమ్మీదుగా పెరట్లోకి చూస్తోంది. అక్కడ ఫూల్‌బాసన్ కూచుని బూడిదతో గిన్నెలు తోముతోంది. ధర్సీవా వైపు పల్లె మనిషి. గేటవతల బస్తీలో ఉంటూ బంగళాలో వాకిలి ఊడ్చి, అంట్లు తోమి పోతుంది.

"నిన్ననడం లేదు. నువ్వు నమ్మకస్తుడివి. అదే తీసుంటుంది. వెళ్ళి కక్కించు."

దానయ్య నోరు తెరిచాడు. చెప్పాల్సిన మాట నాలిక చివరిదాకా వచ్చింది.

"అలాగేనమ్మా" అంది నోరు.

పెరట్లోకి నడిచాడు. తనకొచ్చిన హిందీలో అడిగాడు, చక్కెర ఎక్కడ దాచావని. ఫూల్‌బాసన్ చేతిలో గిన్నె పక్కన పెట్టి ఆశ్చర్యంగా తలెత్తింది.

"నేనా? నన్ను వంటింటి గడప తొక్కనిస్తారా భయ్యా? నీళ్ళు కూడా నువ్వే తెచ్చి దూరంనుంచి పోస్తావు కదా!"

అది అక్షరాలా నిజం. ఆ నిజమే అతన్ని నిప్పులా కాల్చింది. "దొంగముండా, ఎదురు మాట్లాడతావా!" అని అరిచాడు. గోడ పక్కన ఆమె పెట్టుకున్న మూట లాగి విసిరికొట్టాడు. అందులో ఉన్న మట్టిచట్టి పగిలింది. రాత్రి నీళ్ళలో నానేసుకుని పగలు తినడానికి తెచ్చుకున్న బాసీ అన్నం, రెండు పచ్చిమిరపకాయలు మట్టిలో పడ్డాయి. దానయ్య ఇంకా అరుస్తూనే ఉన్నాడు. తెలుగూ హిందీ కలిపి, వచ్చిన బూతులన్నీ. అలా అరుస్తుంటే హాయిగా ఉంది. బిగించి కట్టిన నడికట్టు వదులు చేసుకున్నంత హాయి. పక్క బంగళా తోటమాలి, దారిన పోయే పాలవాడు కూడా ఆగి చూస్తున్నారు.

ఫూల్‌బాసన్ లేచి నిలబడింది. బూడిద చేతులు రెండు పక్కలా వేలాడుతున్నాయి. ఏడవలేదు.

"సాహెబ్ ల నై కహి సకస్, త మోలా కహథస్?" అంది.

సాయిబుని అనలేవు, అందుకని నన్నంటున్నావా! అంత నెమ్మదిగా అంది. చక్కెర సంగతి ఆమెకేమీ తెలీదు. హాల్లో దానయ్య చేతులు కట్టుకుని నిలబడ్డం మాత్రం రోజూ కిటికీలోంచి చూస్తూనే ఉంటుంది. దానయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు.

వెనక చప్పట్లలాంటి గాజుల చప్పుడైంది. అమ్మగారు వసారా మెట్టు మీద నిలబడి ఉంది.

"శభాష్ దానయ్యా! ఇన్నాళ్ళూ నీకు నోరే లేదనుకున్నాను. మనిషంటే ఇలా ఉండాలి. నీ సంగతి ఆయనతో నేను మాట్లాడతాగా." ఫూల్‌బాసన్‌కేసి తిరిగి, "నువ్విక రానక్కర్లేదు" అని చెయ్యి విసిరింది.

ఫూల్‌బాసన్ మట్టిలో పడ్డ అన్నాన్ని వదిలేసి, చట్టి పెంకులు మాత్రం ఏరి గోడ అవతల పారేసింది, ఎవరికీ కాలికి గుచ్చుకోకుండా. తరవాత వెళ్ళిపోయింది.

సాయంత్రం సాయిబు జోడు విప్పించుకుంటూ, "సోమవారం నీ కాగితం మీద సంతకం పెడతాలేరా" అన్నాడు.

ఇంటికెళ్ళి ఆ మాట చెప్పాడు దానయ్య. నిన్నటినుంచి మొహం ఇవ్వని దాలమ్మ చేస్తున్న పని ఆపేసింది. ఆమె కళ్ళు మెరిశాయి. గోడమీదుగా నూకరాజు పెళ్ళాన్ని పిలిచి చెప్పింది, తలకి నూనె రాసుకుని దువ్వుకుంది. కంచం ముందు కూచున్నాక అంది:

"ఇంకనైనా ఇంట్లో మడిసినాగుంటావు."

దానయ్య ముద్ద కలిపాడు. నోటికి పెట్టుకోలేకపోయాడు.

ఆదివారం భోజనాలకి డాక్టరుగారు, ఆయన భార్య వచ్చారు. వెండి కంచాల్లో వడ్డన జరిగింది. దానయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఇత్తడి బిళ్ళ కుట్టిన నడికట్టు పెట్టుకుని, మజ్జిగ చెంబుతో నిలబడ్డాడు. బొబ్బట్లు చిన్నవైపోయాయేమని డాక్టరుగారి భార్య వేళాకోళం చేసింది. అక్కడ ఎత్తుకుంది అమ్మగారు, చక్కెర దొంగతనం కథ. ఫూల్‌బాసన్ ఎలా బుకాయించిందో, దానయ్య ఎలా మూట లాగి విసిరాడో, చేతులు తిప్పుతూ చెప్పింది.

"పిల్లిలా ఉండేవాడు, పులైపోయాడంటే నమ్మండి! ఏదీ, నువ్వే చెప్పు దానయ్యా. నీ మాటల్లో చెబితేనే బాగుంటుంది."

అందరూ తలలెత్తారు. డాక్టరుగారి భార్య అప్పుడే నవ్వడానికి సిద్ధమైంది. దానయ్య చెంబు బల్ల మీద పెట్టాడు. ఏం చెప్పాలో అతను ముందుగా అనుకోలేదు. నొక్కిపట్టడానికి లోపల బలం వెతుక్కున్నాడు. లేదు. ఎక్కడా పిసరంత మిగల్లేదు.

"సెక్కెర నానే తినీసినానమ్మా."

"తినీసినాను!" అని డాక్టరుగారి భార్య కిలకిల నవ్వింది. అమ్మగారూ నవ్వింది. డాక్టరుగారి పెదవి కూడా కదిలింది.

"నవ్వుటాలకి కాదమ్మా. నిన్న పొద్దుట మీరు పూలు కొయ్యడానికెల్లినప్పుడు డబ్బా మూత తీసి గుప్పిళ్ళతో తినీసినాను. ఆయమ్మి ఎరగదు. ఒంటింటి గడపే తొక్కనియ్యరు కదా, ఎలాగ తీస్తాది? మీకూ తెలుసును. నాకూ తెలుసును. తెలిసే దాన్ని తిట్టినాను. దాని కూడు మట్టిపాలు సేసినాను. మీరు శభాషన్నారు."

నవ్వు ముందు డాక్టరుగారి దగ్గర ఆగింది. ఆయన భార్య ఇంకొంచెంసేపు నవ్వి, చుట్టూ చూసి మానేసింది. అమ్మగారి మొహం జేవురించింది.

"తిండి పెట్టటం లేదురా నీకు?" అన్నాడు సాయిబు.

"పెడతన్నారు బావూ. కడుపు నిండే ఉన్నాది. మీరు జోడిసిరితే ఊరుకోవాల. అమ్మగారు నవ్వితే ఊరుకోవాల. ఊరుకోడం పని కాదనుకుంటన్నారు బావూ మీరు. బూట్లు తోమడం కంటే అదే పెద్ద పని. పొద్దత్తమానం అదే సేసి, అయిపోనాను. ఇంటికెల్లి కుండ తన్నీసినాను. మర్నాడు సెక్కెర తినీసినాను. ఆపైన ఆ దిక్కులేనిదాని మీద పడిపోనాను. రేపు నాకు పర్మినెంటిస్తే ఇంకెవుర్ని కొడతానో నాకే తెల్దు."

డాక్టరుగారు చెయ్యి కడుక్కుంటానని లేచాడు. బొబ్బట్టు సగం కంచంలోనే ఉండిపోయింది.

వాళ్ళ గుర్రబ్బండి గేటు దాటేదాకా సాయిబు ఆగాడు. తరవాత వసారాలోకొచ్చాడు.

"ఆ పట్టీ విప్పి అక్కడ పెట్టు. దొంగతనం కింద పట్టించాల్సినవాణ్ణి. పదిమందిలో నా పరువు పోతుందని ఊరుకుంటున్నాను. మందిర్ హసౌద్‌లో పట్టాలు వేసే గ్యాంగులో టెంపరరీ కూలీగా పడేస్తా. ఎండలో గునపం పట్టుకుంటే రోగం కుదురుతుంది. పర్మినెంటు మాట ఈ జన్మకి మరిచిపో."

దానయ్య నడికట్టు విప్పి బల్ల మీద పెట్టాడు. "ఫూల్‌బాసన్‌ని పన్లోకి రమ్మంటారా బావూ?" అని అడిగాడు. సాయిబు తలుపేసుకున్నాడు.

ఫాఫాడీ గేటు దగ్గర ఇంటిదారి వదిలి బస్తీలోకి తిరిగాడు. ఫూల్‌బాసన్ నూతి దగ్గర ఉంది. చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్ళు బట్టలు ఉతుకుతున్నారు. అతన్ని చూసి మొహం తిప్పుకుంది. దానయ్య దగ్గరగా వెళ్ళి గొంతు తగ్గించి, బంగళాలో నిజం చెప్పేశానన్నాడు.

"అక్కడ చెప్పావు. మంచిది" అందామె, చీర పిండుతూ. "నన్ను దొంగన్నప్పుడు ఇంత మెల్లిగా అన్నావా? పాలవాడు మా బస్తీ అంతా చాటేశాడు. నిన్నట్నుంచి ఇక్కడెవరూ నన్ను పనికి పిలవడం లేదు."

దానయ్య నూతి గట్టు పక్కన నిలబడ్డాడు. నిన్న అరిచినంత గట్టిగా, తప్పులతడక హిందీలో, చక్కెర తిన్నది తనే అని చెప్పాడు. బండల మీద బట్టలు కొట్టే చప్పుడు ఆగింది. ఒక ముసలామె సరిగా వినపడలేదంది. మళ్ళీ చెప్పాడు. ఎవరో తూ అని ఉమ్మేశారు. ఫూల్‌బాసన్ క్షమించానని గానీ, పొమ్మని గానీ అనలేదు. బకెట్టు నూతిలోకి వదిలి నీళ్ళు తోడుకోసాగింది. దానయ్య వెనక్కి తిరిగాడు.

దాలమ్మ వాకిట్లో కొత్తకుండకి పసుపు రాస్తోంది. అతని నడుము వంక చూసింది. పట్టీ లేదు. చేతిలో పసుపు అలాగే ఉండిపోయింది. దానయ్య అరుగు మీద కూచుని ఉన్నదున్నట్టు చెప్పాడు, కుండనుంచి నూతిదాకా.

ఆమె అంతా విన్నది. విని లేచి నిలబడింది.

"మరొక్క రోజు" అంది. "ఒక్క రోజు ఆగలేకపోనావా మావా? సోమోరం సంతకమన్నావు!"

"ఆగలేకపోనాను."

"నాను ఆగనేదా?" ఆమె గొంతు ఒక్కసారిగా వీధంతా వినపడేలా లేచింది. ఆ గొంతు దానయ్య ఎప్పుడూ వినలేదు. "మూడేళ్ళు ఆగనేదా నాను? ఆడెవడో బంగళాలో నిన్ను తిడితే ఆ తిట్లు మూటగట్టుకొచ్చి నా కంచంలో పోసినావు. తిన్నాను. సెంపమీద కొట్టినావు, గోడవతల అత్తతో సెప్పనేదు. బొంత తడిస్తే ఆ తడిలోనే తొంగున్నాను. ఎందుకూ? రేపు పర్మినెంటయితే నా మొగుడు నాకు దక్కుతాడని. ఆళ్ళ ముందర ఆగినావు, నా ముందర ఒక్కనాడైనా ఆగినావా? ఆ ఫూల్‌బాసన్ ఒక మాట అంటే నీకు బుద్ధొచ్చినాదా? మూడేళ్ళనుంచి నాను కళ్ళతో సెప్తన్నది కనపడనేదా? నాకూ కోపముంటాదని ఎప్పుడైనా అనుకున్నావా నువ్వు?"

దానయ్య ఆలోచించాడు.

"నేదు" అన్నాడు. "అనుకోనేదు."

ఆమె ఒక్క క్షణం తెల్లబోయింది. మరుక్షణం ఇంకా గట్టిగా మొదలుపెట్టింది. పెళ్ళైన కొత్తలో రైలు దిగి స్టేషన్లో నిలబడ్డప్పటి సంగతి, తమ్ముడొస్తే పలకరించని సంగతి, ఒకటొకటిగా లాగి వాకిట్లో పోస్తోంది. దానయ్య తలెత్తి ఆమె మొహంకేసే చూస్తూ కూచున్నాడు. కాళ్ళలోంచి ఆ పాత సెగ లేస్తుందేమోనని చూసుకున్నాడు. లేవలేదు. మంచుదెబ్బకి ఒళ్ళు గజగజలాడుతున్నా లోపలికి పోవాలనిపించలేదు.

అటూ ఇటూ గుమ్మాల్లో జనం చేరారు. నూకరాజు తువ్వాలు భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ఏటే అమ్మీ, వీదిలో మొగుణ్ణట్టుకుని ఆ కేకలు! ఊరుకో, ఊరుకో."

దాలమ్మ ఆగింది. పక్కకి చూసి చెంగు సర్దుకుంది.

"ఊరుకోమనకు మావా" అన్నాడు దానయ్య. "ఇంకా ఉన్నాది దానికాడ. సెప్పనీ."

నూకరాజు గోడవారకి జరిగాడు. దాలమ్మ పసుపు చేత్తోనే కళ్ళు తుడుచుకుని, దానయ్య ఎదురుగా వచ్చి కూచుని, మళ్ళీ మొదలెట్టింది.